పొగ రాని పొయ్యి

"పాపక్కా, ఆ మొగుడూపెళ్ళాల్ని సంపింది నీ పొయ్యేనంట గదా?"

నంజమ్మ ఈ మాట అడిగింది దండెం మీద తడిచీర పరుస్తూ. బెంగళూరు మడివాళ సందులో నాలుగు గదులున్న వరసకు ఆమె యజమానురాలు. అద్దెకున్నవాళ్ళను ఏదైనా అడగొచ్చుననుకునే మనిషి. వాకిట్లో కూర్చుని రంగు డబ్బాకు కన్నం కొడుతున్న పాపక్క తలెత్తలేదు. సుత్తి మాత్రం ఉలి మీద నుంచి జారి బొటనవేలి మీద పడింది. వేలు నోట్లో పెట్టుకుని అంది:

"పొగే రాని పొయ్యి ఎట్ల సంపుతాది, మే?"

ఆ జవాబు నంజమ్మ కోసం అప్పటికప్పుడు పుట్టింది కాదు. కొన్నాళ్ళుగా పాపక్క తనకు తాను చెప్పుకుంటూ వచ్చినదే.

పాపక్కది కదిరి వైపు ఒక మెట్ట ఊరు. తొంభైల మొదట్లో బెంగళూరులో ఇటుకలు మోయడానికి వచ్చింది. రెండో అంతస్తు పరంజా మీద నుంచి పడి తుంటి విరిగింది. ఎముక వంకరగా అతుక్కుంది. మొగుడు వేరే మేస్త్రీ వెంట హోసూరు దిక్కు పోయి అక్కడే ఇంకో సంసారం పెట్టుకున్నాడు. అతని గురించి ఆమె ఇంతకన్నా ఎక్కువ ఎవరికీ చెప్పలేదు, ఇక్కడా అంతకన్నా చోటు అక్కర్లేదు. బరువు మోయలేని కూలిమనిషికి ఈ నగరంలో మిగిలేవి రెండు: ఇళ్ళలో పాచిపని, లేదంటే ఊరికి తిరుగుప్రయాణం. పాపక్క మూడోది కనిపెట్టుకుంది. పొయ్యిలు చెయ్యడం మొదలుపెట్టింది.

అవసరం అలాంటిది. పనికోసం వలస వచ్చినవాళ్ళకు రేషన్ కార్డు ఉండదు. కార్డు లేకపోతే కిరోసిన్ బ్లాకులో కొనాలి. కట్టెలు కిలోల లెక్కన తూచి అమ్ముతారు. ఊరంతా మేడలు కడుతున్నవాళ్ళు సాయంత్రం ఇంత అన్నం ఉడికించుకోవడానికి రోజుకూలిలో ముక్క విరిచి పొయ్యిలో పెట్టాల్సి వచ్చేది. కోత మిల్లుల దగ్గర మాత్రం రంపపు పొట్టు గుట్టలుగా పడి ఉండేది. ఎత్తుకుపోతే మిల్లువాడికే మేలు.

పొయ్యి చెయ్యడం చూస్తే చాలా తేలిక. పెయింటర్లు పారేసిన పెద్ద డబ్బా తీసుకుని మూత కోసి పారెయ్యాలి. అడుగుకు దగ్గరగా, పక్కన, పిడికిలి దూరేంత కన్నం కొట్టాలి. ఆ కన్నంలోంచి ఒక పైపు ముక్క లోపలికి తోసి, డబ్బా నడిమధ్యన బీరు సీసాను మెడ పైకి ఉండేలా నిలబెట్టాలి. చుట్టూ పొట్టు పోసి రోకలితో దంచాలి. వదులుగా దంచితే కూలిపోతుంది, మరీ బిగిస్తే అంటుకోదు. తరవాత సీసాను మెలితిప్పుతూ పైకి, పైపును పక్కకు లాగేస్తే పొట్టు మధ్యలో ఒక గొట్టం మిగులుతుంది. కింది కన్నంలో కాగితం వెలిగిస్తే మంట ఆ గొట్టంలోంచి నిటారుగా లేస్తుంది. పైన మూడు ఇనుపముక్కలు, వాటి మీద గిన్నె. అన్నం, పప్పు అయ్యాక కూడా పొట్టు లోలోపల కుములుతూనే ఉంటుంది.

ఆ తరవాతి ఏళ్ళలో శనాదివారాలు కొండలెక్కే ఆఫీసు కుర్రాళ్ళు ఇలాంటి డబ్బా పొయ్యిలు సరదాకు చేసుకుని, పారేసిన వస్తువుతో లోకాన్ని కాపాడుతున్నామని మురిసిపోయారు. ముచ్చటే. ఆకాశం కింద వెలిగించుకున్నంతసేపూ ఏ ముచ్చటైనా బాగానే ఉంటుంది.

పాపక్క తన సరుకును అమ్మే మాట ఒక్కటే: "పొగ రాదు." అది నిజం. కట్టెలపొయ్యి ముందు కళ్ళు పోగొట్టుకున్న ఆడవాళ్ళకు అంతకన్నా చెప్పాల్సింది లేదు. పొట్టు బాగా అంటుకున్నాక పొయ్యి మీద చెయ్యి అడ్డం పెట్టినా మసి అంటదు. కొనేవాళ్ళ చెయ్యి పట్టుకుని మరీ చూపించేది.

తొంభై ఎనిమిది డిసెంబరులో ఒక సాయంత్రం పుల్లమ్మ వచ్చింది. పాలమూరు జిల్లా మనిషి. మొగుడు లింగన్నతో కలిసి ఎలక్ట్రానిక్ సిటీ దారిలో లేస్తున్న ఒక ఆఫీసు భవనంలో పనికి కుదిరి ఎంతో కాలం కాలేదు. సిమెంటు మరకల చీర కూడా మార్చుకోకుండా వచ్చి డబ్బాల ముందు గొంతుక్కూర్చుంది.

"ఎంతక్కా ఇది?"

"ముప్పై."

"అమ్మో! డబ్బ పారేసింది, పొట్టు పారేసింది, సీస పారేసింది. మరి ముప్పై రూపాలు దేనికక్కా?"

"నా సేతికి. సూడు, రేకు ఎట్ల కోసిందో."

"చేతులు జూపిస్తే పైసలిస్తరా? అయితె మావి గూడ జూడు." పుల్లమ్మ రెండు అరచేతులూ చాపింది. సున్నం తిని పొరలూడిన చేతులు. ఇద్దరూ నవ్వుకున్నారు.

పుల్లమ్మ కొంగుముడి విప్పి పది రూపాయలు ఇచ్చింది. మిగతాది శనివారం బట్వాడా అయ్యాక తెచ్చిస్తానంది. గడపలో దీపం పెడుతున్న నంజమ్మ అక్కడి నుంచే కేకేసింది.

"దీపాల యాళకు నిప్పు సరుకు అప్పిస్తా ఉండావా? లక్ష్మి పోతాది సూడు!"

"నేనిస్తాండేది డబ్బా. నిప్పు వాళ్ళే పెట్టుకుంటారు లే."

పుల్లమ్మ డబ్బాను చంకకు ఎత్తుకుంది కానీ కదల్లేదు. "ఏం సలక్కా మీ ఊర్ల! మా దిక్కు గింత సలి ఎన్నడు జూడలే. మా ఆయన షెడ్డు సందులన్నిట్ల సిమెంటు సంచులు కుక్కిండు. ఐనా పండ్లు కొట్టుకుంటున్నయ్ రాత్రంత."

"పిచ్చిదానా, ఇంకేమి సలి? వంట అయినాంక పొయ్యి బయట పెట్టొద్దు. మంచం పక్కనే పెట్టుకో. మంట ఆరినా తెల్లార్లూ ఎచ్చగా ఉంటాది. పొగ అనేదే రాదు."

ఈ సలహా పాపక్క కొత్తగా ఇచ్చింది కాదు. చలికాలంలో అందరికీ ఇచ్చేది. ఇచ్చినందుకు అందరూ సంతోషించారు, ఎవరికీ ఏమీ కాలేదు. కాకపోవడానికి కారణం ఆమె పొయ్యి కాదు. మేస్త్రీలు వేసే రేకుల షెడ్లు అంత నాసిగా ఉండేవి. గోడకూ కప్పుకూ మధ్య చెయ్యి పట్టేంత సందు, తలుపు కింద కుక్కపిల్ల దూరేంత సందు. ఆ నాసితనమే ఇన్నాళ్ళూ ఆ కూలివాళ్ళను బతికించింది.

లింగన్న మాత్రం పనిమంతుడు. సెంట్రింగు పలకల మధ్య నుంచి సిమెంటు పాలు కారిపోకుండా సంచిపీలికలు కుక్కి సందులు మూసే పని అతనిది. పగలంతా చేసే పనే రాత్రి సొంత గదికీ చేసుకున్నాడు. చుక్క నీరు కారనంత శ్రద్ధగా.

శనివారం పుల్లమ్మ రాలేదు. మర్నాడు కోత మిల్లు దగ్గర పొట్టు ఎత్తుకుంటుంటే పాపక్కకు సంగతి తెలిసింది. పాలమూరు జంట ఆ శుక్రవారం పనికి లేవలేదని, పిలిచినా పలకకపోతే రేకు విప్పి చూశారని, ఇద్దరూ దుప్పట్లో పడుకున్నవాళ్ళు పడుకున్నట్టే ఉన్నారని. వంకర తుంటితో బస్సెక్కి పోయింది. శవాలు అప్పటికే లారీలో పాలమూరు దారి పట్టాయి. మేస్త్రీ మునినారాయణప్ప షెడ్డు ముందు నిలబడి బీడీ కాలుస్తున్నాడు. తాతల నాటి నుంచి ఈ ఊళ్ళో ఉన్న తెలుగువాడు.

"ఏమైనాదప్పా?"

"ఏమోమ్మా. ఏం తిన్యారో, ఏం తాగ్యారో. ఆయుస్సు అంతే ఉండాది. సుమ్నె పో పాపక్కా, నీకేమి పని ఈడ?"

ఆయుష్షు అనే మాట మేస్త్రీలకు ఎంత చౌకో చెప్పలేం. ఒక లారీ బాడుగతో అన్ని లెక్కలూ తీరిపోతాయి. పాపక్క వినిపించుకోకుండా షెడ్డులోకి తొంగి చూసింది. సందులన్నిట్లో సంచులు పద్ధతిగా మడిచి దోపి ఉన్నాయి. గోడల మీద మసి లేదు. షెడ్డు వెనకాల చెత్తలో పొయ్యి బోర్లా పడి ఉంది, ఎవరో తన్నేసినట్టు. వాళ్ళ మొహాలు ఎలా ఉన్నాయని పక్క షెడ్డు ఆడమనిషిని అడిగింది.

"ఏముండాది? నిద్రపోయినట్టే. బుగ్గలు ఎర్రగా, పెండ్లికూతురు మాదిరి."

మసి లేదు. పొగ లేదు. మొహాలు నల్లబడలేదు. పాపక్క ఆ మూడు మాటలే కొంగున కట్టుకుని ఇంటికి వచ్చింది. పొగ పట్టి చచ్చినవాళ్ళను ఊళ్ళో చూసింది. వాళ్ళు దగ్గి, కక్కి, తలుపులు బాది చచ్చారు. ఇది అది కాదు. తన పొయ్యి కాదు.

ఆ రోజుల్లోనే నంజమ్మ ఆ ప్రశ్న అడిగింది. పొగ లేని పొయ్యి ఎలా చంపుతుందన్న జవాబు ఆమెకు ఆనలేదు.

"అయితే దీపాల యాళ అప్పే సంపినాది. నేను ముందే సెప్తి. ఎల్లమ్మకు కోడి మొక్కుకో, దోసం పోతాది."

పాపక్కకు ఇక్కడ సులువైన దారి దొరికింది. తప్పు వేళది, అప్పుది. కోడిని కోస్తే చెల్లు. చాలామంది అదే పట్టుకుని బతికేసేవాళ్ళు. ఆమె మాత్రం అది పట్టుకోలేకపోయింది. ఎందుకంటే పొట్టు దంచుతున్నప్పుడల్లా తన గొంతు తనకే వినపడుతోంది. మంచం పక్కనే పెట్టుకో. సీసాను మెలితిప్పి లాగినప్పుడు మిగిలే ఆ నల్లటి గొంతులోంచి వినపడుతోంది. తెల్లార్లూ ఎచ్చగా ఉంటాది. కొనడానికి వచ్చినవాళ్ళకు 'పొగ రాదు' అని చెప్పబోయి డబ్బాను వెనక్కి జరిపేది. కొనేవాళ్ళు వస్తూనే ఉన్నారు. పుల్లమ్మను చంపింది తన మాటో కాదో తేలకుండా ఇంకొకళ్ళ చంకకు డబ్బా ఎత్తడం మాత్రం ఆమె వల్ల కాలేదు.

ఒక మధ్యాహ్నం తలుపేసుకుంది.

కిటికీ సందుల్లో పాత చీరలు దోపింది. తలుపు కింద గోనెసంచి తడిపి పరిచింది. పెంకుల చూరు కింద కూడా వదల్లేదు, స్టూలెక్కి గుడ్డలు కుక్కింది. పొయ్యి వెలిగించి అన్నం వండింది. మంట ఆరింది. పొట్టు ఎర్రగా, నిశ్శబ్దంగా కుములుతోంది. గదిలో కమ్మటి టేకు వాసన. మంచం పక్కన కూర్చుంది. పొగ లేదు. గాలి తేటగానే ఉంది. గోడకున్న క్యాలెండరు మీది అంకెలు స్పష్టంగా కనపడుతున్నాయి.

కణతలు నొప్పెట్టడం మొదలైంది. ఎండన పడి వచ్చాను కదా అనుకుంది. కాళ్ళు వేరే ఎవరివో అనిపించాయి. భయం వెయ్యలేదు. అదే అన్నిటికన్నా ఘోరమని తరవాత నంజమ్మతో చెప్పేది: భయమనేదే రాలేదు, హాయిగా ఉండింది. ఎదురుగా పొయ్యికి అవతల పుల్లమ్మ గొంతుక్కూర్చుని ఉంది. చేతులు కాచుకుంటోంది. బుగ్గలు ఎర్రగా ఉన్నాయి.

"ఎచ్చగుందక్కా," అంది పుల్లమ్మ. "నువు జెప్పినట్లే. పొగే లేదు."

లేచి తలుపు తియ్యాలని పాపక్కకు తెలుసు. తెలిసీ లేవాలనిపించలేదు.

ఆ పూట నల్లా నీళ్ళు వచ్చాయి. నీళ్ళొచ్చిన రోజు పాపక్క బిందె వరసలో లేకపోవడం ఆ సందులో ఎన్నడూ జరగలేదు. "ఏమ్మే, నిద్రపోతా ఉండావా? నీళ్ళు పోతాయి!" అని తలుపు బాదిన నంజమ్మ, జవాబు లేకపోయేసరికి భుజంతో గుద్దింది. గడియ ఊడింది. పాపక్కను జుట్టు పట్టుకుని వాకిట్లోకి ఈడ్చి, తన బిందె నీళ్ళన్నీ ఆమె మీదే గుమ్మరించింది. పాపక్క చాలాసేపు కక్కుకుంది.

"సావాల అనుకున్యావా? నా ఇంట్లోనా?" నంజమ్మ ఏడుస్తూ తిట్టింది.

"లేదు, మే. తెలుసుకోవాల అనుకున్యా." పాపక్క గోడకు జారగిలబడింది. "నా పొయ్యే."

ఇక్కడితో ఆమె పొయ్యిలు మానేసిందని రాస్తే చదివేవాళ్ళకు తృప్తిగా ఉంటుంది. మానలేదు. మానితే ఆ షెడ్లలో అన్నం ఎలా ఉడుకుతుందో తృప్తి పడేవాళ్ళు చెప్పరు. ఆమె మాట మార్చింది, అంతే. పొగ రాదు అనడం ఆపేసి, "కంటికి కనపడని పొగ వస్తాది, అది సంపుతాది" అనడం మొదలుపెట్టింది. ఇలాంటి మాటతో సరుకు అమ్మిన వ్యాపారి ఇంకొకరు ఉండరు. కొనేవాళ్ళు నవ్వారు. కనపడని పొగంట! దాంతో ఇంకో షరతు పెట్టింది. డబ్బా ఇచ్చే ముందు నీ షెడ్డు చూపించు. వెంట పోయి, ఉలీ సుత్తీ తీసి, కప్పు కింద రేకుకు అరచెయ్యి పట్టేంత కన్నం కొట్టి, అప్పుడు పొయ్యి లోపల పెట్టేది.

మునినారాయణప్ప ఒకసారి పట్టుకున్నాడు.

"ఏయ్ పాపక్కా! రేకు నీ అబ్బ సొత్తా? దుడ్డు ఎవురిస్తారు?"

"లారీ బాడుగ ఎంతయినాదప్పా, పాలమూరుకు?"

మేస్త్రీ బీడీ పారేశాడు. ఆ తరవాత ఆమెను చూస్తే పక్క సందులోకి తిరిగేవాడు. కన్నాల పాపక్క అనే పేరు అట్లా వచ్చింది.

కానీ రేకులు ఒకచోట ఉండవు. ఒక భవనం పూర్తయితే షెడ్లు విప్పి లారీకెత్తి ఇంకోచోట నిలబెడతారు. సర్జాపురం రోడ్డు, వైట్‌ఫీల్డు, హెబ్బాళ. పాపక్క కొట్టిన కన్నాలు ఆమెకు తెలియని చోట్లకు పోయాయి. కొత్తగా దిగినవాళ్ళకు ఆ కన్నం ఎందుకో తెలియదు. చలిగాలి వస్తుంది, వాన జల్లు వస్తుంది. ఒక గుడ్డ ముక్కో సంచో కుక్కేస్తే సరి. ఈ సంగతి ఆమె ఒకసారి కోరమంగల దగ్గర కళ్ళారా చూసింది. తన ఉలి పోటును తను గుర్తుపట్టింది. దాన్నిండా నీలం గుడ్డ.

ఆనాటి నుంచి చలికాలమంతా, వెలుగుండగానే, చేతిలో వెదురుబద్దతో షెడ్ల మధ్య తిరిగేది. కన్నాల్లో దోపిన గుడ్డల్ని పొడిచి బయటికి లాగేది. లోపల వంటలో ఉన్న ఆడవాళ్ళు పైన చప్పుడు విని తలెత్తితే, కన్నంలోంచి ఒక బద్ద, దాని వెనక ఒక కన్ను. హడలిపోయి తిట్టేవాళ్ళు. దయ్యమని పిల్లల్ని లోపలికి లాక్కునేవాళ్ళు. దయ్యం ఎవరికి పట్టిందో వాళ్ళకు తెలియదు. ప్రతి షెడ్డులోనూ పొయ్యికి అవతల ఎవరు గొంతుక్కూర్చుని చేతులు కాచుకుంటున్నారో పాపక్కకే కనపడేది.

రెండువేల ఆరులో దేవనహళ్ళి దగ్గర కొత్త విమానాశ్రయం పనులు జోరుగా నడుస్తున్నప్పుడు, లింగన్న తమ్ముడు జోగయ్య పెళ్ళాంతో అక్కడ పనికి దిగాడని పాలమూరువాళ్ళ ద్వారా పాపక్క చెవిన పడింది. పోవాలా వద్దా అని ఆమె కొన్నాళ్ళు కొట్టుమిట్టాడింది. నంజమ్మకూ మేస్త్రీకీ తప్ప ఆ నిజం ఎవరికీ తెలియదు. చచ్చినవాళ్ళ మనుషులకు అసలే తెలియదు. చెప్పకపోతే అడిగేవాళ్ళూ లేరు. ఆ డిసెంబరులో రెండు బస్సులు మారి పోయింది. జోగయ్య షెడ్డును అడిగి తెలుసుకుని, ముందు చూసింది కప్పు కింద. రేకు కొత్తది. సందుల్లో సిమెంటు సంచులు పద్ధతిగా మడిచి దోపి ఉన్నాయి. అన్న పనే తమ్ముడిదీ.

బద్దతో పొడవడం మొదలుపెట్టింది. లోపలి నుంచి జోగయ్య కోపంతో ఊగిపోతూ వచ్చాడు.

"ఏయ్ ముసల్దానా! పిచ్చి గిట్ల లేసిందా? సలికి సస్తున్నం, సంచులెందుకు పీకుతున్నవ్?"

"సలికి సావరప్పా. నీ అన్న సలికి సచ్చినాడా?"

జోగయ్య ఆగిపోయాడు. "మా అన్న నీకెట్ల ఎరుక?"

పాపక్క అక్కడే మట్టిలో కూలబడింది. తుంటి నొప్పి వల్ల నిలబడి చెప్పలేకపోయింది. డబ్బా సంగతి, సంచుల సంగతి, మంచం పక్కనే పెట్టుకో అన్న మాట, అన్నీ చెప్పింది. అది నిజమో కాదో తేల్చుకోవడానికి తలుపేసుకున్న సంగతి కూడా.

"నా పొయ్యి, నా నోరు. ఆ రెండే సంపినాయి మీవోళ్ళని. ఆయుస్సు కాదు."

జోగయ్య పెళ్ళాం గడప దగ్గర నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నిలబడింది. ఆమె వెనక, గదిలో, కిరోసిన్ డబ్బాతో చేసిన పొయ్యి కనపడుతోంది. పాపక్క చేసింది కాదు. చూసి నేర్చుకున్నవాళ్ళు ఎవరో చేసింది.

జోగయ్య ఆమె మీదికి ఒక అడుగు వేశాడు. కొడతాడేమోనని పక్క షెడ్డువాళ్ళు దగ్గరికి వచ్చారు.

"ఇన్నేండ్లు దేవుని తిట్టుకుంట బతికినం," అన్నాడు. "మా అమ్మ తిట్టుకుంటనే సచ్చింది. నిన్ను తిట్టాల్నా ఇప్పుడు?"

"తిట్టప్పా. ఆ సంచి మాత్రం మళ్ళా దోపొద్దు."

అతను తిట్టలేదు. క్షమించాననీ అనలేదు. కింద పడిన సంచిని తీసుకుని చేతిలో నలుపుతూ నిలబడ్డాడు. పెళ్ళాం వైపు, లోపలి డబ్బా వైపు చూశాడు. రేకులో ఖాళీ అయిన సందు వైపు చూశాడు. ఆ సంచిని దూరంగా విసిరేసి, మిగతావి కూడా తనే పీకడం మొదలుపెట్టాడు.

పాపక్క లేచి, బద్ద ఊతంగా పట్టుకుని బయల్దేరింది. వెనక నుంచి జోగయ్య పిలిచాడు.

"మా వదిన నీకు బాకీ ఉన్నదా? ఉంటె జెప్పు, ఇచ్చేస్త."

"నీ దగ్గర తీసుకోను. శనివారం తెచ్చిస్తానని పుల్లమ్మ అన్యాది. తనే ఇయ్యాల."

జోగయ్యకు ఏం అర్థమైందో గాని, జేబులో పెట్టిన చెయ్యి మళ్ళీ బయటికి తీసుకున్నాడు. పాపక్క ఆ చలికాలమూ, నడవగలిగినన్ని చలికాలాలూ షెడ్ల మధ్య తిరిగింది. పొయ్యి ధర ముప్పై. పది రూపాయలు ముట్టాయి. ఇరవై రావాలి.